నాన్న కోఠి నుంచి తెచ్చిన టీవీ గేమ్

1996 ఎండాకాలం సెలవుల్లో నాన్న ఆఫీసు పని మీద హైదరాబాద్ వెళ్లి, వచ్చేటప్పుడు కోఠి గుజరాతీ గల్లీలో ఒక అట్టపెట్టె కొనుక్కొచ్చారు. ఖమ్మం స్టేషన్‌లో రైలు దిగి ఇంటికి చేరేసరికి రాత్రి పదిన్నర దాటింది. నేనూ చెల్లీ డాబా మీద పడుకుని ఉన్నాం. అమ్మ పైకి వచ్చి, "లేవండి, నాన్న ఏదో తెచ్చారు" అని లేపింది.

కింద హాల్లో నాయనమ్మ కూడా మంచం మీద లేచి కూర్చుంది. నాన్న పెట్టెలోంచి ఒక్కొక్కటీ తీసి చాప మీద పెడుతున్నారు. తెలుపూ ముదురు ఎరుపూ కలిసిన ప్లాస్టిక్ డబ్బా. రెండు రిమోట్లు. ఒక తుపాకీ. నల్ల అడాప్టర్. అరచేతిలో పట్టేంత పసుపు క్యాసెట్, దాని మీద మీసాల మనిషి బొమ్మ.

"ఎంతయిందండీ?" అంది అమ్మ.

"పన్నెండు వందలు."

అప్పట్లో మేం కట్టే ఇంటి అద్దె ఎనిమిది వందలు. అమ్మ ఏమీ అనలేదు. కాసేపయ్యాక నాన్నే అన్నారు: "ఇది కూడా ఒక రకం కంప్యూటరేనట, షాపతను చెప్పాడు. పిల్లలకు ముందు నుంచీ చెయ్యి అలవాటవుతుంది కదా."

షాపతను చెప్పింది నిజమేనని తెలుసుకోవడానికి నాకు పాతికేళ్లు పట్టింది.

2021 డిసెంబర్‌లో మసయుకి ఉయెమురా అనే జపాన్ ఇంజనీరు చనిపోయారన్న వార్త ఫోన్‌లో చదివాను. ఆయనకు 78 ఏళ్లు. ఆ పేరు నేనెప్పుడూ వినలేదు. వార్తతో పాటు ఆయన తయారు చేసిన యంత్రం ఫొటో కూడా వేశారు. చూడగానే గుర్తుపట్టాను. మా హాల్లో, టీవీ స్టాండు కింద అరలో, అమ్మ కుట్టిన గుడ్డ కప్పుకుని ఉండేది అదే. మేం టీవీ గేమ్ అని పిలిచిన ఆ వస్తువు అసలు పేరు ఫ్యామిలీ కంప్యూటర్. జపాన్ వాళ్లు కుదించి ఫ్యామికామ్ అంటారు. ఆ పేరు సూచించింది ఉయెమురా భార్య. పర్సనల్ కంప్యూటర్ అనడానికీ లేదు, హోమ్ కంప్యూటర్ అనడానికీ లేదు, ఇంటిల్లిపాదీ వాడేది కాబట్టి ఫ్యామిలీ కంప్యూటర్ అంటే బాగుంటుంది కదా అందట ఆవిడ. ఈ సంగతి ఆయనే తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నారు.

నేను ఆ రాత్రి నిద్రపోకుండా ఆయన గురించి దొరికినవన్నీ చదివాను.

నింటెండో 1889లో క్యోటోలో మొదలైన సంస్థ. వాళ్లు మొదట చేసింది హనఫుదా అనే పూల బొమ్మల పేకముక్కలు. ఉయెమురా అంతకుముందు షార్ప్ కంపెనీలో ఉండేవారు. వెలుతురు పడితే కరెంటు పుట్టించే ఫొటోసెల్స్ అమ్మడం ఆయన పని. నింటెండోకు కూడా అవి అమ్మబోయి, ఆ పరిచయంతో చివరికి అక్కడే చేరిపోయారు. 1981లో కంపెనీ అధ్యక్షుడు హిరోషి యమౌచి ఆయనకు ఫోన్ చేసి, ఇంట్లో టీవీకి తగిలించుకుని క్యాసెట్లు మార్చుకుంటూ ఆడుకునే యంత్రం ఒకటి కావాలన్నారు. అప్పటికి ఎక్కువమంది వీడియో గేమ్‌లను ఆర్కేడ్‌లనే ఆటల హాళ్లకు వెళ్లి, నాణెం వేసి నిలబడి ఆడుతున్నారు. నింటెండో వాళ్ల డాంకీ కాంగ్ అనే ఆట అక్కడ బాగా నడుస్తోంది. అదే ఆట ఇంట్లో టీవీ మీద అంతే బాగా ఆడగలగాలి, ధర మాత్రం మామూలు జనానికి అందాలి. ఉయెమురాకు అప్పజెప్పిన పని అది.

ధర దగ్గరే కష్టమంతా వచ్చింది. 10 వేల యెన్‌ల లోపు అమ్మాలనుకున్నారు. చిప్పులు తయారు చేయడానికి రికో కంపెనీ ఒప్పుకుంది కానీ, నింటెండో అడిగిన ధర వాళ్లకు గిట్టుబాటు కాదు. అప్పుడు యమౌచి, రెండేళ్లలో 30 లక్షల చిప్పులు కొంటామని మాట ఇచ్చారు. ఇంకా ఒక్క యంత్రం కూడా అమ్మని దశలో ఇచ్చిన మాట అది. ఆ ధైర్యం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. చివరికి 1983 జూలై 15న 14,800 యెన్‌లకు ఫ్యామికామ్ బయటికొచ్చింది. మొదట అమ్మిన వాటిలో ఒక చిప్పు లోపం వల్ల ఆట మధ్యలో బిగుసుకుపోయేది. యమౌచి అమ్మినవన్నీ వెనక్కి రప్పించి, లోపల బోర్డులు మార్పించారు.

ఆ యంత్రంలో లెక్కలు చేసే ప్రధాన చిప్పు సెకనుకు వేసే అడుగులు 18 లక్షలకు కాస్త తక్కువ. పని చేసుకోవడానికి ఉన్న మెమరీ 2 కిలోబైట్లు. మనం పొద్దున్నే పంపుకునే ఒక గుడ్ మార్నింగ్ ఫొటో దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. మేం నెలల తరబడి ఆడిన మారియో ఆట మొత్తం, ఎనిమిది లోకాలూ 32 స్టేజీలూ పాటలతో సహా, 40 కిలోబైట్లు.

ఆ రోజుల్లో మాకు ఈ లెక్కలేవీ తెలియవు. కానీ ఆ పొదుపు మా కళ్లకు కనిపించేది, అదేమిటో తెలియకపోయినా. మారియో ఆడుతుంటే ఒక రోజు చెల్లి అంది: "అన్నయ్యా, పైన మబ్బూ కింద పొదా ఒకటే బొమ్మ చూడు. రంగే వేరు." నేను కొట్టిపారేశాను. మబ్బు మబ్బే, పొద పొదే అన్నాను. చెల్లి చెప్పిందే నిజం. చోటు కలిసి రావడానికి, ఆ ఆట చేసిన షిగెరు మియమోతో, తకాషి తెజుకా బృందం ఒకే బొమ్మకు తెల్లరంగు వేసి మబ్బు చేశారు, ఆకుపచ్చ వేసి పొద చేశారు. ఏడేళ్ల పిల్ల అది పట్టేసింది. పాతికేళ్ల తర్వాత ఫోన్ చేసి మరీ ఒప్పుకున్నాను. "నేను అప్పుడే చెప్పాను కదా" అంది.

కాంట్రా అనే కాల్పుల ఆటలో బాస్, అంటే స్టేజీ చివరి పెద్ద శత్రువు, దగ్గర తూటాలు ఎక్కువైనప్పుడు బొమ్మలు మినుకుమినుకుమనేవి. టీవీ పాడైపోతుందేమోనని అమ్మకు భయం. నిజానికి ఆ యంత్రం ఒక అడ్డ గీతలో ఎనిమిది కదిలే బొమ్మ ముక్కలకు మించి గీయలేదు. ఎక్కువైతే ఒకసారి కొన్నీ, ఇంకోసారి మిగిలినవీ గీసి సర్దుకుంటుంది. ఇంటికి చుట్టాలు ఎక్కువగా వచ్చినప్పుడు బంతులు వేసి భోజనాలు పెట్టినట్టు.

రిమోట్ గురించి చెప్పాలి. ఆర్కేడ్ యంత్రాలకు కర్రలా నిలబడి ఉండే జాయ్‌స్టిక్ ఉంటుంది. ఉయెమురా బృందం మొదట అదే పెట్టాలనుకుంది. కానీ జపాన్ ఇళ్లలోనూ మనలాగే కింద కూర్చుంటారు. పిల్లలు ఆడి అక్కడే వదిలేస్తారు, ఎవరో చూసుకోకుండా తొక్కుతారు, కర్ర విరుగుతుంది, కాలికి గుచ్చుకుంటుంది. అందుకని గున్‌పే యొకొయ్ అనే ఇంకో ఇంజనీరు 1982లో చేతిలో పట్టే చిన్న ఆట కోసం చేసిన బల్లపరుపు ప్లస్ గుర్తు బటన్‌ను తీసుకున్నారు. ఇప్పుడు ప్రపంచంలో ఏ గేమ్ రిమోట్ చూసినా ఎడమ చేతి వైపు ఆ ప్లస్సో, దాని పోలికో ఉంటుంది.

మా ఇంట్లో చాప మీద వదిలేసిన రిమోట్‌ను నాయనమ్మ అర్ధరాత్రి మంచినీళ్లకు లేచి ఎన్నిసార్లు తొక్కిందో లెక్క లేదు. రిమోట్‌కు ఏమీ కాలేదు, ఆమె కాలికీ ఏమీ కాలేదు. క్యోటోలో ఎవరో ఒకరు, పిల్లలు నేల మీద వదిలేసే వస్తువు గురించి, దాన్ని తొక్కే పాదం గురించి ముందే ఆలోచించి పెట్టారని చదివినప్పుడు నాకు గొంతులో ఏదో అడ్డుపడింది.

రెండో రిమోట్‌కు స్టార్ట్, సెలెక్ట్ బటన్లు ఉండేవి కావు. అది చెల్లిది. "నాకు సగం రిమోటే ఇచ్చారు" అని రోజూ గొడవ. ఆట ఆపాలన్నా, మొదలుపెట్టాలన్నా నన్నే అడగాలి. దానికీ కారణం ఉంది. అసలు ఫ్యామికామ్ రెండో రిమోట్‌లో ఆ బటన్ల చోట ఒక బుల్లి మైకు ఉండేది. జెల్డా ఆటలో పెద్ద చెవుల రాక్షసులు ఎదురైతే, ఆ మైకులోకి గట్టిగా అరిస్తే చచ్చిపోయేవి. మాకు వచ్చిన నకలులో మైకు తీసేశారు, బటన్లు పెట్టలేదు. చెల్లికి రావాల్సింది సగం కాదు, నాకు లేనిది ఒకటి.

అవును, మాది నకలే. అసలుదానికి లేని రెండు బటన్లు మా రిమోట్ మీద అదనంగా ఉండేవి. అవి నొక్కి పట్టుకుంటే తూటాలు వాటంతట అవే వరసగా వెళ్లేవి. ఒకసారి క్యాసెట్ పనిచేయకపోతే నాన్న స్క్రూడ్రైవర్‌తో విప్పారు. లోపల ఒక చిన్న పచ్చ బోర్డు, దాని మధ్యలో కారి గడ్డకట్టిన తారు చుక్కలా నల్లటి ముద్ద. అంతే. "ఆటలన్నీ ఇందులోనే ఉన్నాయా?" అని నాయనమ్మ వంగి చూసింది. ఆ నల్ల ముద్ద కిందే చిప్పు ఉంటుంది. ఇటువంటి నకళ్లు తైవాన్, చైనాల నుంచి మొదలై ప్రపంచమంతా తిరిగాయి. రష్యాలో దాన్ని డెండీ అన్నారు, పోలండ్‌లో పెగసస్ అన్నారు. మన దగ్గర మీడియా, లిటిల్ మాస్టర్ అని రకరకాల పేర్లు. పేరేదైనా పిల్లలందరికీ అది టీవీ గేమే.

నకలు చేసినవాళ్లకు కూడా కొంత పని పడింది. అప్పటి జపాన్ టీవీ సెకనుకు 60 సార్లు బొమ్మ గీసేది, మన టీవీ 50 సార్లు. తైవాన్‌కు చెందిన యూఎంసీ కంపెనీ, మనలాంటి దేశాల టీవీల మీద కూడా జపాన్ ఆటలు దాదాపు అసలు వేగంతో నడిచేలా చిప్పులను సవరించి చేసింది.

అమెరికా కథ వేరు. అక్కడ 1983లో వీడియో గేమ్ వ్యాపారం కుప్పకూలింది. అటారీ కంపెనీ అమ్ముడుపోని క్యాసెట్లను లారీల్లో తీసుకెళ్లి న్యూ మెక్సికో ఎడారిలో పూడ్చిపెట్టింది. 2014లో తవ్వితే నిజంగానే బయటపడ్డాయి. షాపుల వాళ్లు వీడియో గేమ్ అన్న మాట వింటేనే వద్దంటున్న రోజుల్లో, నింటెండో తన యంత్రాన్ని వీసీఆర్‌లా కనిపించే బూడిద రంగు పెట్టెగా మార్చి, తోడుగా ఒక బొమ్మ రోబోను పెట్టి, 1985 అక్టోబర్‌లో న్యూయార్క్‌లో అమ్మకానికి పెట్టింది. అది నిలబడింది. రెండు రూపాల్లోనూ కలిపి ఆ యంత్రాలు దాదాపు 6 కోట్ల 19 లక్షలు అమ్ముడయ్యాయి. మాది ఆ లెక్కలో లేదు. నాన్న ఇచ్చిన పన్నెండు వందల్లో ఒక్క పైసా కూడా క్యోటోకు చేరలేదు. అప్పుడు మాకు వేరే దారి లేదు. అయినా ఉయెమురా గురించి చదువుతున్నంతసేపూ, ఆయనకు ఏదో బాకీ ఉన్నట్టే అనిపించింది.

క్యాసెట్ల మీద "9999 ఇన్ 1" అని రాసి ఉండేది. మేం ఆ అంకె నమ్మాం. సెలవుల్లో మొదటి వారం నేనూ చెల్లీ నోట్‌బుక్ పెట్టుకుని, ఒక్కో నంబరూ తెరిచి ఏ ఆటో రాసుకుంటూ పోయాం. 40 దాటాక మళ్లీ మొదటి ఆటలే కొత్త పేర్లతో వస్తున్నాయని అర్థమైంది. 200 దాకా రాసి ఆపేశాం. ఆ రోజు చెల్లి నిజంగా ఏడ్చింది.

క్యాసెట్ పట్టకపోతే అడుగున నోటితో ఊదేవాళ్లం. ఇది మాకు ఎవరూ నేర్పలేదు. అమెరికా పిల్లలూ అదే చేసేవాళ్లట. ఊదితే తడి తగిలి పిన్నులు తుప్పు పడతాయి, తీసి మళ్లీ పెట్టడం వల్లే పనిచేస్తుంది. ఊదవద్దని నింటెండోనే చెప్పింది. నేను ఇప్పటికీ పెన్‌డ్రైవ్ పెట్టేముందు ఊదుతాను.

ట్యాంకుల ఆట మా ఇద్దరికీ ప్రాణం. బ్యాటిల్ సిటీ దాని పేరు, నామ్కో కంపెనీ 1985లో చేసింది. ఇటుక గోడల మధ్య మన గద్దను కాపాడుకోవాలి. అందులో స్టేజీని మనమే కట్టుకునే వీలుంది. చెల్లి ఇటుకలతో "అ" రాసేది, దాని వంపులు కుదిరేదాకా వదిలేది కాదు. తర్వాత శత్రువుల ట్యాంకులు వచ్చి ఆ అక్షరాన్ని కొంచెం కొంచెం కొట్టేసేవి. ఎక్కువ భాగం మిగిలితే మేం గెలిచినట్టని మాకు మేమే పెట్టుకున్న నియమం. కట్టింది దాచుకోవడానికి లేదు. స్విచ్ ఆపితే పోయినట్టే. మధ్యాహ్నం కరెంటు కోత రెండు గంటలు. కోత ఏ టైముకు మొదలవుతుందో మాకు బాగా తెలుసు, అయినా ఆ ముందు పావుగంట ఎంత టెన్షన్‌గా ఉండేదో! మారియోలో చివరి స్టేజీ 8-4 దాకా వెళ్లి, కోట లోపల దారి వెతుక్కుంటుండగా ఫ్యాన్ నెమ్మదించడం నాకింకా కళ్ల ముందే ఉంది.

కాంట్రాకు 30 లైఫ్‌లు వచ్చే కిటుకు జూన్‌లో స్కూళ్లు తెరిచాక తెలిసింది. పైకి పైకి, కిందికి కిందికి, ఎడమ కుడి, ఎడమ కుడి, బి, ఎ. మా క్లాసులో ఒకడు వాళ్ల బావ దగ్గర నేర్చుకొచ్చి, రెండు మామిడికాయ ముక్కలకు చెప్పాడు. సోషల్ నోట్స్ చివరి పేజీలో బాణం గుర్తులతో రాసుకున్నాను. ఇది కొనామి కంపెనీలో కజుహిసా హషిమోతో అనే ప్రోగ్రామర్ పెట్టుకున్నది. 1986లో గ్రాడియస్ అనే ఆటను ఫ్యామికామ్ కోసం చేస్తూ, పరీక్షించి చూడటానికి అది తనకే మరీ కష్టంగా ఉందని ఈ దొడ్డిదారి పెట్టుకుని, తీసేయడం మర్చిపోయారు. ఆయన 2020లో పోయారు. ఎక్కడో ఒకాయన మర్చిపోయిన మాట ఖమ్మంలో ఐదో తరగతి నోట్స్ వెనక పేజీ దాకా వచ్చింది.

తుపాకీ మాత్రం నాయనమ్మకు నచ్చలేదు. బాతులు ఎగురుతాయి, కాల్చాలి. "పాపం రా, వాటినేం చెయ్యకు" అనేది. నేను తుపాకీలోంచి ఏదో కిరణం వెళ్లి టీవీకి తగులుతుందనుకునేవాణ్ని. జరిగేది తిరకాసుగా ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం మొత్తం నల్లబడుతుంది. వెంటనే బాతు ఉన్న చోట తెల్లటి చతురస్రం వెలుగుతుంది. తుపాకీ గొట్టంలో ఉన్న సెన్సార్‌కు చీకటి తర్వాత ఆ వెలుతురు తగిలితే గురి కుదిరినట్టు. టీవీ నుంచే తుపాకీలోకి వస్తుంది వెలుగు. ట్యూబ్‌లైట్ వైపు పెట్టి కాల్చినా బాతు పడుతుందని పక్కింటి అబ్బాయి పందెం కాసి ఓడిపోయాడు. ముందు చీకటి కనపడాలి కదా, ట్యూబ్‌లైట్ నల్లబడదు. ఈ వెలుతురు పట్టే పరికరాలే ఉయెమురా షార్ప్‌లో ఉన్నప్పుడు నింటెండోకు అమ్మజూపినవి. అక్కడ మొదట ఆయనా యొకొయ్ వాళ్లూ కలిసి చేసిన బొమ్మలు వెలుతురు తుపాకులే. పెద్ద గాజు గొట్టం టీవీలు పోయి పల్చటి టీవీలు వచ్చాక ఆ తుపాకులు పనిచేయడం మానేశాయి. కొత్త టీవీ బొమ్మను చూపించడానికి ఒక్క రవ్వ ఆలస్యం చేస్తుంది, తుపాకీ ఆ రవ్వంతసేపు కూడా ఆగదు.

2003 సెప్టెంబర్‌లో నింటెండో ఫ్యామికామ్ తయారీ ఆపేసింది. ఇరవై ఏళ్లు చేశారు. ఉయెమురా ఆ మరుసటి ఏడాది కంపెనీ నుంచి రిటైరై, క్యోటోలోనే రిత్సుమేకన్ విశ్వవిద్యాలయంలో పిల్లలకు గేమ్స్ గురించి పాఠాలు చెప్పారు. ఆయన బతికున్నప్పుడే ఒక ఉత్తరం రాసి ఉండొచ్చు నేను. పేరు తెలిసేసరికి ఆలస్యమైంది.

పోయినేడు ఖమ్మం ఇల్లు సర్దుతుంటే అటక మీద ఆ అట్టపెట్టె దొరికింది. తెల్ల ప్లాస్టిక్ పసుపు తిరిగింది. అడాప్టర్ ఎప్పుడో కాలిపోయింది, లేదు. మొదటి రిమోట్ మీద ఎ బటన్ అక్షరం పూర్తిగా అరిగిపోయింది. బి మీద అక్షరం ఇంకా చదవొస్తుంది.

ఎ అంత అరగడానికి సర్కస్ ఆటే కారణం. సర్కస్ చార్లీ. జోకరు సింహం మీద కూర్చుని మంటల రింగుల్లోంచి దూకుతాడు. నాయనమ్మ చిన్నప్పుడు వాళ్ల ఊరికి సర్కస్ వచ్చిందట, వాళ్ల నాన్న చూపించలేదట. అందుకని మిగతా ఆటలు ఏవి ఆడినా అటు తిరిగి పడుకునేది కానీ, ఈ పాట వినపడితే లేచి వచ్చి చాప మీద నా పక్కన కూర్చునేది. ఒక రోజు రిమోట్ చేతికిస్తే, రెండు చేతులా పట్టుకోవడం ఆమె వల్ల కాలేదు. అప్పుడు రిమోట్ నా ఒళ్లోనే పెట్టుకుని, బాణం నేను నొక్కి పట్టుకున్నాను. దూకే బటన్ మీద ఆమె చూపుడు వేలు పెట్టుకుంది. సింహం నడవడం నాది, ఎగరడం ఆమెది.

"ఇప్పుడా?" అనేది ప్రతి రింగుకూ.

"ఇంకొంచెం ఆగు నాయనమ్మా... ఆ, ఇప్పుడు!"

మొదటి మూడు రోజులూ సింహం కాలిపోతూనే ఉంది. నాలుగోరోజు సాయంత్రం మొదటి స్టేజీ దాటాం. రెండో దాంట్లో తాడు మీద నడవాలి, ఎదురుగా కోతులు వస్తాయి. అక్కడికి వచ్చేసరికి ఆమె నన్ను అడగడం మానేసింది. నేను బాణం వదలకుండా పట్టుకుని కూర్చున్నాను. కోతి దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆమె వేలు దానంతట అదే కదిలేది. తాడు చివరిదాకా ఒక్క కోతి కూడా మమ్మల్ని తాకలేదు.